పెట్టె కింది గడియ

మధ్యాహ్నం దాటాక ఆయనకు గొంతు ఉండదు. హంతకుడెవరో ఆయన ఇంకా చెప్పలేదు.

ఆసుపత్రి మంచం మీద, వెనక దిండ్లు ఎత్తుగా పెట్టుకుని రచయిత కూర్చున్నాడు. పక్కనే ఇనప కుర్చీలో, ఒళ్లో ల్యాప్‌టాప్‌తో ఆయన కూతురు. తెర మీద సీరియల్ చివరి భాగం ముప్పావు వంతు దాకా వచ్చి ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ అనుమానితులందర్నీ ఖాళీ థియేటర్‌లో వరసగా కూర్చోబెట్టాడు. వేదిక ఎక్కాడు. "మీలో ఒకరు" అన్నాడు. అక్కడితో రచయిత నోరు మూతపడింది. పాపం, ఇన్‌స్పెక్టర్ పొద్దున్నుంచీ అలాగే నిలబడి ఉన్నాడు.

కూతురి ఫోన్ మళ్లీ మోగింది. వారపత్రిక ఎడిటర్. పత్రికంతా అచ్చుకు వెళ్లిపోయిందనీ, ఈ రెండు పేజీల కోసం మిషన్ ఆపించాననీ, ప్రెస్ వాళ్లు తనను నమిలేస్తున్నారనీ మొత్తుకున్నాడు. పేరొక్కటి చెబితే మిగతాది తానే అల్లుకుంటానన్నాడు. పేరు తనకూ తెలియదని ఆమె అంటే నమ్మలేదు. టైపు చేసే మనిషికి తెలియకపోవడమేమిటని విసుక్కున్నాడు.

నిజంగానే తెలియదు. ఆయన పద్ధతే అంత. రెండు వందలకు పైగా నవలలు నోటితో చెప్పి రాయించాడు. ఒక్కదానికీ ముందుగా కాగితం మీద గీత గీసుకోలేదు. చివరి పేజీ వచ్చేదాకా హంతకుడెవరో టైపు చేసే కూతురికి కూడా చెప్పేవాడు కాదు. "నీకు తెలిస్తే నీ వేళ్లకు తెలిసిపోతుంది. ఆ పేరు దగ్గర కాస్త మెల్లగా కొడతావు. చదివేవాడు పట్టేస్తాడు" అనేవాడు. అది రచయిత మాట కాదు. మెజీషియన్ మాట.

నవలల్లోకి రాకముందు ఆయన మెజీషియన్. సొంత ట్రూపు, సొంత పెట్టెలు, సొంత లారీ. ఊరూరా తిరిగి ఆడేవారు. ఆ రోజుల్లో ఆయన వేళ్ల మధ్య పేకముక్క ఒకవైపు కనిపించి, ఇంకోవైపు మాయమై, చూసేవాడి చొక్కా జేబులోంచి బయటికొచ్చేది. ఇప్పుడా వేళ్లు లోపలికి ముడుచుకుపోయి, చర్మం అతుక్కుపోయి, మంచినీళ్ల గ్లాసు పట్టుకోవాలన్నా రెండు అరచేతులూ కలపాల్సిందే. కలం పట్టలేడు. అందుకే ఆయన సాహిత్యమంతా నోటిదే. ఇప్పుడు ఆ నోట్లోంచి శబ్దం వచ్చే దారిలో పుండు లేచింది. స్వరపేటిక తీసేస్తే తప్ప ప్రాణం దక్కదన్నాడు డాక్టరు.

"నా గొంతు మాయం చేస్తాడట. బాగానే ఉంది. తిరిగి తెప్పించే విద్య మాత్రం నేర్చుకోలేదట. సగం మెజీషియన్" అన్నాడు రచయిత ఆ రోజు. డాక్టరు నవ్వాడు. కూతురు నవ్వలేదు.

సిస్టర్ లోపలికొచ్చి బీపీ చూసింది. ఆవిడ కూడా సీరియల్ చదువుతోంది. కథలో వేదిక కింద పనిచేసే మనిషే హంతకుడని వార్డంతా ఒక మాట మీద ఉందనీ, కాదంటున్నది ఒక్క డాక్టరేననీ చెప్పింది. రచయిత చెవి దగ్గరకు తెమ్మని సైగ చేశాడు. ఆవిడ ఆశగా వంగింది. బీపీ ఎంత ఉందని అడిగాడు. ఆవిడ మూతి ముడుచుకుని, మీకు గొంతు తీసేయడమే మంచిదని సణుక్కుంటూ వెళ్లిపోయింది.

వేదిక కింద మనిషి. కూతురు కూడా ఆ పేరు కోసమే కాచుకుని ఉంది. ఎడిటర్ కోసం కాదు, పత్రిక కోసం కాదు. నాన్న నోటితో ఆ పేరు వినాలి. ఈ పూట వినకపోతే ఇక ఎప్పటికీ వినలేదు.

ఎందుకంటే ఈ నవల కల్పన కాదు. అది వాళ్లింటి కథ.

ట్రూపులో చివరి అంశం ఎప్పుడూ మండే పెట్టె. మెజీషియన్ భార్య చెక్కపెట్టెలోకి దిగేది. మూత వేసి, గొలుసు చుట్టి, ఆయన కాగడా అంటించేవాడు. పెట్టె భగ్గుమనేది. జనం లేచి నిలబడేవారు. అంతలో హాలు వెనక తలుపులోంచి ఆమె నవ్వుతూ నడిచొచ్చేది. కిటుకు చిన్నదే. పెట్టెకు అడుగు లేదు. ఊరూరా వెంట తీసుకెళ్లే వేదిక నేలలో, అది నిలబెట్టిన చోట ఒక తలుపు ఉంది. దానికి కింది నుంచి గడియ. మామూలప్పుడు ఆ గడియ వేసి ఉంటుంది. ఆట మొదలై డప్పు మోగగానే ఆమె తమ్ముడు వేదిక కిందకు దూరి గడియ తీసి, హాలు వెనక తలుపు తెరవడానికి పరుగెత్తాలి. తర్వాత ఆమె కాలితో ఒక్క తన్ను తంతే నేల తెరుచుకుంటుంది. కింద పరుపు మీద పడి, సందులోంచి పరుగెత్తి తమ్ముడి దగ్గరకు చేరుతుంది.

ఒక ఆటలో ఆమె తన్నింది. నేల తెరుచుకోలేదు.

మంటల్లో చేతులు పెట్టి గొలుసు లాగింది ఆయనే. అప్పటికే ఆలస్యమైంది. ఆయనకు మిగిలినవి ఆ ముడుచుకున్న వేళ్లు, ఆరేళ్ల కూతురు.

పోలీసుల ముందు తమ్ముడు తప్పు ఒప్పుకున్నాడు. గడియ తీయడం మర్చిపోయానన్నాడు. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. జైలుకు వెళ్లాడు, తిరిగొచ్చాడు. ఏదో థియేటర్లో లైట్లు సరిచేసే పనిలో కుదురుకున్నాడు. పెళ్లి చేసుకోలేదు. అప్పుడప్పుడు బావను చూడటానికి వచ్చేవాడు. కూతురికి జ్ఞానం వచ్చాక, అమ్మను చంపినవాడు ఈ గడప తొక్కకూడదని, ఒకరోజు ఆ మామయ్య మొహం మీదే తలుపు వేసేసింది. వేసి, దానికి కుర్చీ అడ్డం పెట్టింది. గడియ పెడదామంటే ఆ ఇంట్లో ఏ తలుపుకూ గడియ ఉండేది కాదు. ఏ ఇంటికి మారినా నాన్న ముందు వడ్రంగిని పిలిపించి గడియలన్నీ ఊడదీయించేవాడు. స్నానాల గదికి కూడా లోపలి నుంచి తాడు కట్టుకోవాల్సిందే. మెజీషియన్‌కి చాదస్తం అనుకునేది ఆమె.

ఇన్నేళ్లలో, ఇన్ని నవలల్లో ఆయన ఒక్క మెజీషియన్‌ని కూడా రాయలేదు. బ్యాంకులు దోచాడు, రైళ్లు పడగొట్టాడు, విషాలు కలిపాడు. స్టేజీ జోలికి మాత్రం పోలేదు. ఆపరేషన్ తప్పదని తేలిన వారమే కొత్త సీరియల్ మొదలుపెట్టాడు. మొదటి వాక్యం చెప్పగానే ఆమె వేళ్లు ఆగిపోయాయి. మండే పెట్టె.

ఆమె ఏమీ అడగలేదు. టైపు చేసింది. వారం వారం చేసింది. చివరికి నాన్న అన్నీ చెప్పేస్తాడు, మామయ్య పేరు పెట్టి చెబుతాడు అని నమ్మింది.

"చిట్టీ" అన్నాడు రచయిత. ఆ గొంతు ఇప్పుడు గరుకు కాగితంతో రాసినట్టుంది. "బయట మీ మామయ్య కూర్చున్నాడు. లోపలికి రమ్మను."

కారిడార్‌లో పొద్దున్నుంచీ ఆయన కూర్చుని ఉన్న సంగతి ఆమెకు తెలుసు. లోపలికి రానివ్వొద్దని సిస్టర్‌తో చెప్పింది కూడా. కాదందామనుకుంది. నాన్న మొహం చూసి లేచింది.

మామయ్య తలుపు దగ్గరే నిలబడ్డాడు. చేతిలో పళ్ల సంచి. ఆపరేషన్ ముందు ఏమీ తినకూడదని ఆయనకు తెలిసినట్టు లేదు. ఎలా ఉన్నావు బావా అన్నాడు. బావ మెడ తిప్పి చూసి, కళ్లతోనే కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"రాసుకో" అన్నాడు రచయిత కూతురితో. ఇన్‌స్పెక్టర్ మెల్లగా తలెత్తాడనీ, వేదిక కింద మనిషి వైపు చూశాడనీ, నువ్వు నిర్దోషివి, ఇంటికి వెళ్లు అన్నాడనీ చెప్పాడు.

ఆమె వేళ్లు కదల్లేదు.

"మరి ఎవరు?"

రచయిత కళ్లు మూసుకున్నాడు. పెదాలు తడుపుకున్నాడు. "మెజీషియన్" అన్నాడు. "భార్య మీద అనుమానం. వాడే గడియ వేశాడు. అయిపోయింది. పంపించెయ్."

మామయ్య చేతిలో సంచి జారింది, పళ్లు దొర్లి మంచం కాలికి తగిలాయి. ఆమె ఆయన వైపు చూడలేదు. తెర వైపే చూస్తోంది. ఏడవాలో అరవాలో తెలియని క్షణంలో ఆమెకు ఏళ్ల తరబడి చేసిన పని అక్కరకొచ్చింది. తప్పులు వెతకడం. ఆ పని నేర్పింది ఆయనే. నవలలో కన్నం కనిపిస్తే మొహమాటపడకుండా పొడవమనేవాడు. పాఠకుడు పొడిచేదాకా ఆగకూడదనేవాడు.

"కుదరదు నాన్నా" అంది.

"ఏం కుదరదు?"

"డప్పు మోగాక గడియ తీశారు. ఆ తర్వాతే ఎవరో వేశారు. మెజీషియన్ తెర లేచినప్పటి నుంచి వేదిక మీదే ఉన్నాడు. హాలంతా చూస్తోంది. మూడో భాగంలో నువ్వే చెప్పావు. ఒకేసారి రెండుచోట్ల ఉండటం నీ పాత వృత్తిలో చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు."

"నేను మర్చిపోయానమ్మా" అన్నాడు మామయ్య హఠాత్తుగా. చాలా ఏళ్ల తర్వాత ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది. "ఆ రోజే చెప్పాను కదా. గడియ తీయడం మర్చిపోయాను. మీ నాన్న మాట పట్టించుకోకు. మందుల మత్తు."

ఆమె అప్పుడు తలెత్తింది. ఒకరు మంచం మీద, ఒకరు గుమ్మం దగ్గర. ఇద్దరూ తప్పు నాదంటే నాదని పోటీ పడుతున్నారు. నాన్న నవలల్లో ఇలాంటి సన్నివేశం చాలాసార్లు టైపు చేసింది. ఇద్దరు మనుషులు ఒకే నేరాన్ని మీదేసుకుంటున్నారంటే, ఇద్దరూ చేయలేదని అర్థం. ఇద్దరికీ కావలసిన మూడో మనిషి ఎవరో ఉన్నారని అర్థం.

ఆమె నాలుగో భాగం గుర్తు తెచ్చుకుంది. డప్పు మోగింది. వేదిక కింద మనిషి వంగి లోపలికి దూరాడు. గడియ కిర్రుమంది. అది తెరుచుకున్న చప్పుడు విని బయటికి పరుగెత్తాడు. టైపు చేస్తున్నప్పుడు ఇది మోసపు దారి, చివర్లో నాన్న తిప్పేస్తాడు అనుకుంది. కానీ నాన్న అలా తిప్పడు. పాత్రలు ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు, కథ చెప్పేవాడు మాత్రం ఆడకూడదన్నది ఆయన మొట్టమొదటి నియమం. కథ చెప్పేవాడు గడియ తీశాడన్నాడంటే తీసినట్టే.

అంటే మామయ్య గడియ తీశాడు.

ఆ మొహం మీద వేసిన తలుపు, అడ్డం పెట్టిన కుర్చీ గుర్తొచ్చాయి. కానీ ఆలోచన ఆగలేదు. తీసిన గడియ మళ్లీ ఎలా పడింది? ట్రూపు వడ్రంగి రెండో భాగంలోనే ఊరు వదిలి వెళ్లాడు. మేనేజర్ టిక్కెట్ల కిటికీ దగ్గర ఉన్నాడు. డప్పు వాయించేవాడు వాయిస్తూనే ఉన్నాడు. అనుమానితుల వరసలో ఒక్కొక్కరూ లేచి వెళ్లిపోతున్నారు. కుర్చీలు ఖాళీ అవుతున్నాయి.

ఇంకొకరున్నారు.

మొదటి భాగంలో, ఒకే ఒక్క వాక్యంలో. వేదిక కింద చీకట్లో, ముక్కాలి పీట మీద కూర్చుని బిస్కెట్ తింటున్న పాప. పేరు లేదు. మాట లేదు. ఆ తర్వాత మళ్లీ ఎక్కడా రాలేదు. ఈ పాప ఎందుకు, తీసేద్దామని ఆమె అప్పుడే అంది. ఆయన ఉండనీ అన్నాడు. వేదిక మీదకు తెచ్చిన వస్తువును వాడకుండా వెనక్కి పంపడం ఆయన జన్మలో లేదు.

ఆయన నిజం చెప్పాలనుకోలేదు. బావమరిదిని విడిపించి, నేరం తన మీద వేసుకుని, గొంతుతో పాటు నిజాన్ని పూడ్చేయాలనుకున్నాడు. అయినా చెయ్యి తిరిగిన పనివాడు. పాఠకుడికి అన్యాయం చేయడం చేతకాలేదు. హంతకుడు మొదటి భాగంలో కనిపించి తీరాలి కాబట్టి, కనిపించేలా పెట్టేశాడు.

ఆమె ల్యాప్‌టాప్ మూసింది.

"మామయ్యా" అంది. ఆ పిలుపుకే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు మళ్లీ వేదిక కిందకు వచ్చేసరికి నేనెక్కడున్నాను?"

"నువ్వు లారీలో పడుకుని ఉన్నావమ్మా."

"నాకు బిస్కెట్ ఎవరిచ్చారు?"

ఆయన గోడకేసి తిరిగాడు. లైట్లు బిగించే మనిషి భుజాలు అవి, గట్టివి. ఇప్పుడవి ముందుకు వంగిపోయాయి.

అప్పుడు ఆమెకు వేళ్ల కొసల్లో తగిలింది. చల్లటి ఇనుము. మసి, దుమ్ము, కొబ్బరి పీచు పరుపు వాసన. కాళ్ల కింద ఊగుతున్న పీట. ఈ జ్ఞాపకం కొత్తది కాదు. ఎప్పటినుంచో ఉంది. అది ఎక్కడిదో, ఎప్పటిదో తెలియక, అమ్మతో గడిపిన మంచి రోజుల్లో ఒకటిగా దాచుకుంది. ఎందుకంటే అందులో అమ్మ ఉంది. ఆ ఆటకు ముందెప్పుడో, ఏదో ఊళ్లో, గడియ తీసి ఉన్న ఆ నేల తలుపు మీద కాలు వేసి డప్పు వాయించేవాడు కిందపడ్డాడు. కాలు విరిగింది. అమ్మ ఆమెను ఎత్తుకుని గడియ చూపించింది. ఇది తీసి కనిపిస్తే వెంటనే వేసెయ్యాలి తల్లీ, లేకపోతే ఎవరైనా పడిపోతారు, అంది. వేసి చూపించమంది. వేస్తే, నా బంగారం, అని ముద్దు పెట్టింది.

అమ్మ చెప్పిన పని. అమ్మ మెచ్చుకున్న పని. బిస్కెట్ నోట్లో పెట్టుకుని, పీట ఎక్కి, మునివేళ్ల మీద నిలబడి, రెండు చేతులతో నెట్టింది. పైన డప్పు జోరుగా మోగుతోంది. పైనుంచి అమ్మ తన్నిన తన్నులు ఆ డప్పులో కలిసిపోయాయి.

సిస్టర్ స్ట్రెచర్‌తో వచ్చింది. వెనక ఇంకో మనిషి. టైమైంది అని చెప్పబోయి, గదిలో మొహాలు చూసి, తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆ తలుపుకు ఒక గడియ ఉంది. రచయిత వచ్చిన రోజే, తన వీపు దానివైపు ఉండేలా మంచాన్ని తిప్పించుకున్నాడు.

"ఎవరికి తెలుసు?" అంది కూతురు.

మామయ్య గోడకే చెప్పాడు. అక్క ఎంతకీ రాకపోతే ఆయన తిరిగొచ్చేసరికి ఆమె పీట మీద నిలబడి ఉందట. గడియ తీసి ఉంది మామయ్యా, నేనే వేశాను అని గర్వంగా చెప్పిందట. ఆయన గడియ లాగినా పైనుంచి ఎవరూ పడలేదట. ఆమెను చంకనేసుకుని బయటికి పరుగెత్తాడట. లారీలో పడుకోబెట్టి, కదలకు అన్నాడట. కాలిన చేతులతో కూర్చున్న బావ చెవిలో సంగతి చెప్పాడట. పిల్లకు తెలియకూడదు, అంతే, ఇంకేమీ మాట్లాడుకోలేదట. పోలీసులు వచ్చేసరికి ఇద్దరిలో ఒకరు దోషి కావాలి. పిల్లను పెంచడానికి ఒకరు మిగలాలి.

"కాలిన చేతులవాడు పెంచుతాడా, నేను పెంచుతానా అని కూడా అనుకోలేదు. తండ్రి కదా అనుకున్నాను" అన్నాడు మామయ్య.

రచయిత చెయ్యి చాపాడు. ముడుచుకున్న ఆ వేళ్లు మూసిన ల్యాప్‌టాప్‌ను తడిమాయి. తెరవమని. రాయమని. ఉన్న గొంతంతా కూడదీసుకున్నాడు.

"మెజీషియన్" అన్నాడు. "వాడి పేరే పెట్టు. పత్రిక ఆగింది. పంపించు తల్లీ."

ఆయన గొంతుతో వచ్చిన చివరి మాటలు అవే. అవి అబద్ధమని ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమె ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. చిన్నప్పుడు ఆ వేళ్లను విప్పి నిటారుగా చేయాలని చూసేది. నొప్పి పుట్టినా ఆయన నవ్వేవాడు. వాటి మీద ముద్దు పెట్టుకుంది. స్ట్రెచర్ మనుషులు ఆయన్ను మెల్లగా ఎత్తారు. ఆయన కళ్లు ఆమె మీదే ఉన్నాయి. వద్దంటున్నాయి.

ఫోన్ మోగింది. ఎడిటర్. ఆమె ఎత్తింది. ఆలస్యమైపోయిందని, ఇక నిమిషం కూడా ఆగలేనని, హంతకుడు మెజీషియనా, కింద మనిషా, ఏదో ఒకటి చెప్పమని ఆయన అరుస్తున్నాడు.

"ఇద్దరూ కాదండీ" అంది ఆమె. స్ట్రెచర్ గుమ్మం దాటబోతోంది. నాన్నకూ, గోడకేసి తిరిగి ఉన్న మామయ్యకూ వినపడేంత గట్టిగా చెప్పింది.

"కథ చెప్పేవాడు అబద్ధం ఆడకూడదు నాన్నా. గడియ వేసింది చిట్టి."